శక్తి అనే మాట

2020 వేసవిలో మా మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో అందరూ ఇమ్యూనిటీ పెంచుకుంటున్నారు. మిరియాలు, శొంఠి, తిప్పతీగ, ఏ గుమ్మం దాటినా కషాయం వాసన. నేను మాత్రం రోజూ రాత్రి అన్నం తిన్నాక దాన్ని తగ్గించే మాత్ర వేసుకునేవాణ్ణి. పేరు అజాథయోప్రిన్.

నాకు అల్సరేటివ్ కొలైటిస్. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే పెద్దపేగు లోపలి పొర మీద పడుతుంది. నెత్తురు విరేచనాలు, మీటింగ్ మధ్యలో లేచి పరుగు. ఆ మాత్ర దానికి కళ్ళెం.

"కొన్నాళ్ళు ఆపెయ్యరా, ఈ గోల తగ్గాక వేసుకుందువులే" అంది అమ్మ ఫోన్లో. అమ్మననుకొని ఏం లాభం? రోగనిరోధక శక్తి అన్నారు తెలుగులో. శక్తి అన్నాక ఎంత ఉంటే అంత మంచిదనే కదా ఎవరైనా అనుకుంటారు! ఆ మాట పుట్టించినవాళ్ళ లెక్కలో నాలాంటివాళ్ళు లేరు.

ఆ మార్చిలోనే పేగు జబ్బుల డాక్టర్లు సెక్యూర్-ఐబీడీ అనే అంతర్జాతీయ రిజిస్ట్రీ మొదలుపెట్టారు. కోవిడ్ సోకిన తమ పేషెంట్ల వివరాలు దేశదేశాల నుంచి అందులో చేర్చారు. స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళలో కోవిడ్ ముదిరే ముప్పు ఎక్కువ కనిపించింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి యాంటీ టీఎన్‌ఎఫ్ మందులతో అలా కనిపించలేదు. వాటితో పోలిస్తే నా మాత్రకి ముప్పు ఎక్కువేనని తర్వాతి విశ్లేషణలో తేలింది. అమ్మది ఉత్త భయమేం కాదు.

కానీ ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు. తిరగబెడితే రాసేది ప్రెడ్నిసలోన్. అదీ స్టెరాయిడే! "వైరస్ సోకితే అప్పుడు ఆపుదాం, ముందే ఆపొద్దు" అన్నారు డాక్టరు గారు.

జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు మూడో వంతు తగ్గాయట. అది కూడా స్టెరాయిడే. వైరస్ పెరిగే మొదటి రోజుల్లో ఒంటి రక్షణని అణిచిపెడితే చేటు. ఆ రక్షణే ఊపిరితిత్తుల మీద విరుచుకుపడే దశలో అణిచిపెడితే ప్రాణం నిలుస్తుంది. ఇన్ని మెలికలున్న దాన్ని "బూస్టర్" అని సీసాల్లో పోసి అమ్మారు.

2021 ఏప్రిల్‌లో నాకూ పాజిటివ్ వచ్చింది. డాక్టరు గారు చెప్పినట్టే మాత్ర ఆపాను, రెండు వారాలు. ఆ మందు ప్రభావం ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది కాబట్టి జబ్బు వెంటనే తిరగబెట్టదని ధైర్యం చెప్పారు. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. గదిలో ఒక్కణ్ణే ఉన్న ఆ రెండు వారాలూ ఆక్సిమీటర్‌లో అంకె కంటే ఎక్కువసార్లు చూసుకుంది కమోడ్‌లో నీళ్ళ రంగునే.