నీలం డ్రమ్ము పక్కన చిన్న పంపు

రండి, అరుగు మీదే కూర్చుందాం. లోపల ఉక్క చంపేస్తోంది. టీ ఒక గుక్క తాగి చెప్పండి, ఏమన్నా వాసన తగిలిందా? లేదు కదూ. నాకు తగిలింది. ఇవాళ మా ఆపరేటరు చేయి జారి బ్లీచింగ్ కాస్త ఎక్కువ వేశాడు. ముప్పై ఏళ్లు మంచినీళ్ల పథకాలకు డోసింగ్ పంపులు బిగిస్తూ తిరిగిన ముక్కు ఇది. పెళ్లిభోజనంలో కూడా ముందు గ్లాసు వాసన చూస్తానని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంది.

డోసింగ్ పంపు మీరు చూసే ఉంటారు, పట్టించుకుని ఉండరు. పంపుహౌసులో పెద్ద మోటారు హోరు మధ్య, నీలం డ్రమ్ము పక్కన టిఫిన్ క్యారియరంత పెట్టె ఒకటి టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. అదే. లోపల ఒక పల్చటి టెఫ్లాన్ పొర ముందుకీ వెనక్కీ ఊగుతుంది. వెనక్కి వెళ్తే డ్రమ్ములోని మందు లోపలికొస్తుంది, ముందుకొస్తే పైపులోకి పోతుంది. కిందొకటి, పైనొకటి బంతి వాల్వులు. గోళీ సోడా గుర్తుందా? గ్యాసు తోసినప్పుడు గోళీ పైకొచ్చి మూతికి అతుక్కుంటుందే, అలా ఆ బంతులు దారి మూసి మందును వెనక్కి పోనివ్వవు. ఒక్కో దెబ్బకు కాసిని చుక్కలు. ఆ చుక్కల మీదే ఊరి కడుపు ఆధారపడి ఉంటుంది.

ఎంత పంపు కావాలన్న దగ్గరే అసలు తగాదా. "కొంచెం పెద్దదే వేయండి సార్, రేపు ఊరు పెరిగితే?" అనని సర్పంచిని నేను చూడలేదు. నీళ్లు తోడే మోటారుకు ఆ మాట చెల్లుతుందేమో. దీనికి చెల్లదు. మెంతులు తూయడానికి ధాన్యం కాటా తెచ్చినట్టుంటుంది. కాటా మంచిదే, ముల్లు మాత్రం కదలదు.

పంపు సైజు లెక్క పంపుహౌసులో మొదలుపెట్టకూడదు. ఊళ్లో చివరి కుళాయి దగ్గర మొదలుపెట్టాలి. తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం, ఐ.ఎస్. 10500, ఏమంటుందంటే, ఇంటికి చేరిన నీళ్లలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర ఎంతుందని కాదు, బిందెలో పడేటప్పుడు ఎంత మిగిలిందని. పైపులో నాచు, మురుగు తింటూ పోగా చివరి ఇంటికి ఏదో ఒకటి దక్కాలి. ఊరి పైపులైను పటం వేసి చూడండి. ఆ ఆఖరి గీత చాలాసార్లు దళితుల పల్లెలోనో కాలనీలోనో ఆగుతుంది.

ఈ మాట అన్నప్పుడల్లా నాకు కారంచేడు గుర్తొస్తుంది. చీరాలలో బస్సెక్కితే కునుకు పట్టేలోగా వచ్చే ఊరు. సినిమావాళ్లకది రామానాయుడి ఊరు, రైతుకు కొమ్మమూరు కాలువ కింది మాగాణి. నీళ్ల పనివాడికి మాత్రం ముందు చెరువే కళ్లముందు కదులుతుంది. 1985 జులై 16 సాయంత్రం, మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర కమ్మ రైతుల ఇళ్ల కుర్రాళ్లు గేదెల పని చూసుకుంటుంటే ఆ మురికి చెరువులోకి పోయింది. పల్లె కుర్రాడొకడు ఇదేం పనని అడిగాడు. వాణ్ణి కొట్టారు. నీళ్లకొచ్చిన ఒక మాదిగ స్త్రీ అడ్డుపడి, తన మీదికి వస్తే బిందె ఎత్తింది. మర్నాడు పొద్దున పల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. ప్రాణాలతో మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తారు. చాలామంది తిరిగి ఊరికి వెళ్లలేదు, చీరాలలో విజయనగర్ కాలనీ అలా వెలిసింది. ఆ సెప్టెంబరులోనే దళిత మహాసభ పుట్టింది. 1989 నాటి అట్రాసిటీల చట్టానికి దారివేసిన ఊళ్ల పేర్లలో ఇదొకటి. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 దాకా పట్టింది. కులమూ భూమీ పొగరూ అన్నీ ఉన్న కథ అది, కాదనను. కానీ ఆ సాయంత్రం ఆ కుర్రాడడిగింది మాత్రం తాగే నీళ్ల సంగతి. నేను నలభై పేజీల ఎస్టిమేటులో రాసేది కూడా ఆ ఒక్క ప్రశ్నే.

సరే, లెక్కలోకొద్దాం. పది వేల మంది ఉన్న ఊరనుకోండి. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు. మొత్తం ఐదున్నర లక్షల లీటర్లు. మోటారు ఎనిమిది గంటలు తిరిగితే గంటకు 68,750 లీటర్లు. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు, ఐదున్నర లక్షల్ని ఇరవైనాలుగుతో భాగిస్తారు. మందు కలిసేది మోటారు తిరిగేటప్పుడే కదండీ!

లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వేయాలనుకుందాం. గంటకు 137.5 గ్రాములు. బ్లీచింగ్ పౌడరును ఒక శాతం ద్రావణంగా కలిపితే లీటరులో పది గ్రాముల క్లోరిన్ ఉంటుంది. అంటే గంటకు 13.75 లీటర్ల ద్రావణం. దాన్ని పట్టుకుని 15 లీటర్ల పంపు కొన్నారో, జూన్, జులైల్లో దొరికిపోతారు. వేసవంతా కట్టేసిన కాలువలోకి కొత్త నీరు వదిలినప్పుడు వచ్చేది నీళ్లు కాదు, ఎర్రటి కషాయం. ఆకులూ పేడా బురదా కలిసి క్లోరిన్‌ను తినేస్తాయి. డోసు 4 మిల్లీగ్రాములకు పోవచ్చు, అప్పుడు గంటకు 27.5 లీటర్లు. కాబట్టి 35 లీటర్ల పంపు తీసుకుంటే మామూలు రోజుల్లో నలభై శాతం దగ్గర, కొత్త నీటికి ఎనభై దగ్గర నడుస్తుంది. హాయి. అదే వంద లీటర్ల పంపు తెస్తే పద్నాలుగు దగ్గర తడుముకుంటూ ఉంటుంది. దానికి తోడు ఎవరో బ్లీచింగ్ మానేసి పది శాతం హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్, క్యాన్లు తెప్పిస్తారు. అప్పుడు కావలసింది గంటకు 1.375 లీటర్లు. వంద లీటర్ల పంపుకు అది ఒకటిన్నర శాతం కూడా కాదు. నాబ్ మీద సున్నాకీ దానికీ మధ్య వేలిగోరు పట్టదు.

మరి 2 అనీ 4 అనీ ఎవరు చెప్పారు? నీళ్లే చెప్పాలి. దానికి హారాక్స్ పెట్టె ఉంది. ప్రైమరీ హెల్త్ సెంటర్లో పాతతరం వాళ్లనడగండి, బీరువా పైనుంచి దుమ్ము దులిపి తీస్తారు. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు. నల్ల కప్పులో బ్లీచింగ్ కలిపి, తెల్ల కప్పుల్లోని నీళ్లలో మొదటిదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, అలా వేసి అరగంట ఆగాలి. తర్వాత స్టార్చి మందు వేస్తే, నీలం తిరిగిన మొదటి కప్పు మూడోదైతే, మూడు రెళ్లు ఆరు, 455 లీటర్లకు ఆరు గ్రాముల బ్లీచింగ్. ఇంత సులువైన పరికరం ఉండగా అందాజున చారెడు జల్లడం మన జాతీయ అలవాటు.

బ్లీచింగ్ సంచికీ వయసుంటుంది. కొత్తదానిలో 33 శాతం దాకా క్లోరిన్, మనం లెక్కకు 25 పెట్టుకుంటాం. మూతి విప్పి తేమలో వదిలేస్తే మిగిలేది సున్నమే. 2 మిల్లీగ్రాముల లెక్కకు రోజుకు నాలుగు కిలోల నాలుగొందల గ్రాములు, 110 లీటర్ల ద్రావణం. మామూలు రోజులకు రెండొందల లీటర్ల డ్రమ్ము చాలు. రాత్రే కలిపి తేరనివ్వాలి. ఫుట్‌వాల్వు డ్రమ్ము అడుగున ఆనకుండా నాలుగు వేళ్లు ఎత్తుగా ఉండాలి, లేకపోతే సున్నం పీల్చి గోళీల కింద గట్టిపడుతుంది. హైపో అయితే బెడద వేరు. ఎండకు బుడగలు కట్టి పంపుకు గాలి పట్టేస్తుంది, టిక్కుటిక్కు వినబడుతూనే ఉంటుంది, చుక్క కదలదు. డ్రమ్మును గట్టు మీద, పంపును దానికంటే కింద పెడితే సగం బాధ తీరుతుంది.

ఇప్పుడొక అవమానం చెబుతాను, నవ్వకండి. ఒక ఊళ్లో, పేరెందుకులెండి, నేనే బిగించిన పంపు. మందు పైపు భూమిలోని సంపులోకి వదిలాను. ఎదురు ఒత్తిడి లేదు కదా, పంపు ఆపినా డ్రమ్ములోని మందు తనంతట తానే సైఫన్ పట్టి రాత్రంతా కారిపోయింది. పొద్దున ఊరు ఊరంతా ఆసుపత్రి కంపు. బడిపిల్లల యూనిఫారాలు వెలిసిపోయాయి. ఎనిమిదొందల రూపాయల బ్యాక్‌ప్రెషర్ వాల్వు మిగిల్చిన ఘనత అది. మళ్లీ ఎప్పుడూ ఆ వాల్వు మానలేదు. దాంతోపాటు రిలీఫ్ వాల్వు ఒకటి, దాని పైపు తిరిగి డ్రమ్ములోకే. ముందెవరన్నా గేటువాల్వు కట్టేసినా ఈ పంపు తోస్తూనే ఉంటుంది, దానికి ఎదురు ఒత్తిడి చూసి ఆగే బుద్ధి లేదు, పైపు పగిలేదాకా తోస్తుంది.

కరెంటు సంగతి మరిచేను. మోటారుది త్రీఫేజు, దీనిది సింగిల్‌ఫేజు. మన ఊళ్లలో త్రీఫేజు పోయి సింగిల్‌ఫేజు మిగలడం రోజూ ఉండేదే. మోటారు ఆగుతుంది, చిన్నది మాత్రం నిలిచిన నీళ్లలోకి మందు తోస్తూనే ఉంటుంది. దాని తీగను గోడ ప్లగ్గుకు కాక మోటారు స్టార్టరుకే కలపాలి. పెద్దది తిరిగితేనే చిన్నది తిరగాలి.

ఇదంతా కొత్త తలనొప్పి కాదు. 1908 సెప్టెంబరులో అమెరికాలోని జెర్సీ సిటీకి రోజుకు నాలుగు కోట్ల గ్యాలన్ల నీళ్లలో జాన్ లీల్ అనే డాక్టరు బ్లీచింగ్ కలిపించడం మొదలుపెట్టాడు. ఆ బ్లీచింగ్ మంచిదేనా అన్న వాదన కోర్టు దాకా పోతే, అక్కడ సాక్ష్యం కూడా చెప్పాడు. అప్పటికి ఈ పంపు లేదు. ఇంజనీరు ఫుల్లర్ ఏం చేశాడంటే, ద్రావణం మట్టం ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండేలా తొట్టి కట్టి, కొలిచిన కన్నం లోంచి వదిలాడు. ఎత్తు మారకపోతే ధార మారదు. నాకు ఆ తొట్టి మీద ఈర్ష్య. కరెంటు అడగదు.

ఇంక ఆఖరిది, జాడీ. గీతలున్న ఒక గొట్టం పంపు పీల్చే వైపు పెట్టి, నిమిషంలో ఎంత పీల్చిందో చూడాలి. మన లెక్కకు 229 మిల్లీలీటర్లు రావాలి. నాబ్ మీద నలభై అని ఉంటే నలభై పోతోందని కాదు, పొర సాగుతుంది, గోళీ అరుగుతుంది. ఖరీదైన పంపు కొని ఈ జాడీ దగ్గర కక్కుర్తి పడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మొన్నామధ్య రేపల్లె వైపు ఒక ఊళ్లో, కొత్తగా చేరిన ఆపరేటరు కుర్రాణ్ణి వెంటేసుకుని కాలనీ చివరి కుళాయికి వెళ్లాను. ట్యూబులో నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాం. రంగు తిరగలేదు. "ట్యాంకు దగ్గర బాగానే ఉంది బాబాయ్," అన్నాడు వాడు. కుళాయి ఇంటావిడ బిందె పక్కన పెట్టి మమ్మల్నే చూస్తోంది.

"పట్టుకోనా, వద్దా అయ్యా?"

"ఇవాళ్టికి కాచి తాగమ్మా," అన్నాను.

పంపుహౌసుకు తిరిగొచ్చి జాడీ పెట్టి కొలిస్తే నిమిషానికి 150. కింది గోళీ కింద సున్నం పెచ్చు. వెనిగర్‌తో కడిగించి మళ్లీ కొలిచేసరికి చీకటి పడింది. మర్నాడు పొద్దున్నే కుర్రాడొక్కడే వెళ్లాడు. ఫోనులో ఫొటో పంపాడు. వేళ్ల మధ్య ట్యూబు, లేత పసుపు. వెనకాల ఆమె బిందె, నిండుగా.