ఎల్‌సీ తీసుకున్నంత మాత్రాన లైన్ చచ్చినట్టు కాదు



మొన్న ఒక చెల్లి అడిగింది, "టవర్ లైన్ పనికి పోతే రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తదంట కదా, మా అన్నని పంపాలా వద్దా?" అని. ముగ్గురం కూర్చొని ఇది రాస్తున్నాం. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, కాంట్రాక్టర్ల కింద టవర్లు ఎక్కుతున్న వాళ్ళం.

మాది చింతూరు వైపు. దిగువ సీలేరు పవర్‌హౌస్ అప్పట్లో 460 మెగావాట్లది. ఆ కరెంటు పోయే తీగల కిందే మేకలు కాసుకుంటూ పెరిగాం. వాన పడితే తీగలు గుయ్యిమంటాయి. దయ్యం అనుకునేవాళ్ళం.

భయం ఉత్తిదేమీ కాదు. తీగలో వోల్టేజీ ఉంటే చుట్టూ విద్యుత్ క్షేత్రం ఉంటుంది, కరెంటు పారుతుంటే అయస్కాంత క్షేత్రం కూడా ఉంటుంది. ఈ అయస్కాంత క్షేత్రాన్ని 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు" అనే వరుసలో పెట్టింది. అదీ ముఖ్యంగా చిన్నపిల్లల రక్త క్యాన్సర్ లెక్కలు చూసి. రుజువైందని చెప్పలేదు. పనివాళ్ళకి 50 హెర్ట్జ్ దగ్గర 1000 మైక్రోటెస్లా దాటొద్దని 2010 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. లైన్ కింద నేల మీద ఉండేది దానికంటే చాలా తక్కువ. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఈ పనికి రావద్దు.

కానీ చెల్లీ, మా వాడిని పడేసింది క్యాన్సర్ కాదు, ఇండక్షన్.

ఒకే టవర్ మీద రెండు సర్క్యూట్లు. ఒకటి నడుస్తోంది, రెండోదానికి ఎల్‌సీ ఇచ్చారు. అటు చివర సబ్‌స్టేషన్‌లో ఎర్త్ వేశారు, ఇటు చివర వేయలేదు. మేము పని చేసే టవర్ దగ్గరా వేయలేదు. ఎర్త్ రాడ్లు ఏవని అడిగితే సూపర్‌వైజర్, "లైన్ ఆఫే కదరా, సబ్‌స్టేషన్‌లో ఎర్త్ ఉంది కదా, టైం తినకండి" అన్నాడు. మేమూ గట్టిగా అడగలేదు. ఆ తప్పు మాది కూడా.

మా వాడు జంపర్ విప్పాడు. విప్పిన మరుక్షణం లైన్ రెండు ముక్కలైంది. మేకని గుంజకి కట్టి తాడు మధ్యలో కోస్తే మేక ఇంకా గుంజకి ఉన్నట్టా? ఎర్త్ ఉన్నది ఒక ముక్కకే. రెండో ముక్క గాల్లో ఉంది, పక్కనే నడుస్తున్న లైన్ దాంట్లో వోల్టేజీ పుట్టిస్తోంది. ఇలాంటి చోట అది వేల వోల్టుల దాకా పోగలదు. వాడి చెయ్యి ఆ ముక్క మీద, నడుం టవర్‌కి.

బెల్టు ఉంది కాబట్టి వేలాడాడు. కిందికి దించేసరికి అరచెయ్యి కాలిపోయింది. రెండు వేళ్ళు పోయాయి. ఆసుపత్రిలో వాళ్ళమ్మ మమ్మల్ని ఒక్కటే అడిగింది, "కరెంటు తీసేశాం అన్నారు కదరా" అని. జవాబు చెప్పలేకపోయాం.

అందుకే తమ్ముళ్ళూ, ఎల్‌సీ కాగితం చూశాక కూడా టెస్టర్‌తో చూడండి. పని చేసే చోటుకి రెండు వైపులా, మూడు తీగలకీ ఎర్త్ వేయండి. ముందు నేల వైపు క్లాంపు బిగించాలి, తర్వాతే రాడ్‌తో తీగకి తగిలించాలి. తీసేటప్పుడు తిరగేసి, అంటే తీగ వైపు ముందు. జంపర్ విప్పే పనైతే విప్పకముందే రెండు ముక్కలకీ ఎర్త్ ఉందా అని కళ్ళతో చూడాలి. తీగని ముట్టుకునే ముందు ఎర్త్ చేసి డిశ్చార్జ్ చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనే ఉంది. అడిగితే ఎవరి దగ్గరా దయ అడిగినట్టు కాదు.

"అడవోళ్ళు, భయం లేనోళ్ళు, ఎక్కేస్తారు" అని మనల్ని మెచ్చుకుంటారు చూడండి, ఆ మాట వినగానే మాకు ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

చెల్లీ, మీ అన్నని పంపాలా వద్దా అనేది మీ ఇంటి నిర్ణయం. పంపితే మాత్రం ఎర్త్ రాడ్లు ఎన్ని ఇస్తారో ముందే అడగమను. వచ్చే సోమవారం మన ఊళ్ళ నుంచి ఆరుగురు కొత్త పనికి పోతున్నారు. సామాన్ల లిస్టులో రెండు సెట్లు, మొత్తం ఆరు రాడ్లు రాసి కాంట్రాక్టర్‌కి పంపాం. వేళ్ళు పోయిన మావాడే తన ఎడమ చేత్తో రాశాడు. కాంట్రాక్టర్ నుంచి ఇంకా జవాబు రాలేదు.