బురద బ్యాచ్

సంక్రాంతి వెళ్లిన మొదటి ఆదివారం మా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు. "మేడ మెట్లు ఎల్లుండి కడుగుతానమ్మా" అని పనమ్మాయి ముందురోజే చెప్పేస్తుంది. మా ఆయన పేపరూ కాఫీ గ్లాసూ పట్టుకుని ఎదురింటి అరుగు మీదకి మకాం మార్చేస్తారు. తామర తొట్లు తిరగేసే రోజది. ఏడు కాకుండానే పది పన్నెండు మంది పాత బట్టల్లో, బకెట్లూ గమేళాలూ గోనెపట్టాలూ పట్టుకుని మా డాబా ఎక్కుతారు. పదకొండయ్యేసరికి ఎవరు ఎవరో తెలియాలంటే గొంతు వినాల్సిందే.

విశాఖపట్నంలో ఇలా మేడల మీద నీళ్ల మొక్కలు పెంచుకునేవాళ్లం మా గుంపులో ఓ ఇరవై మందిమి. సంఘం అనడానికి రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు లేడు, చందా లేదు. ఓ వాట్సాప్ గ్రూపు ఉంది గానీ దానికి ఏం పేరు పెట్టామో అడిగితే ఫోను తీసి చూసుకోవాలి. మా ఇళ్లల్లో మాత్రం మమ్మల్ని 'బురద బ్యాచ్' అంటారు. రిటైరైన లెక్కల మాస్టారు, టిఫిన్ బండి నడిపే అతను, నేవీలో పనిచేసే కుర్రాడు, పిల్లల డాక్టరమ్మ, బ్యాంకులో ముప్పయ్యేళ్లు ఊరందరి డబ్బూ లెక్కపెట్టి బయటపడ్డ నేను.

తొట్టి తిరగెయ్యడం చూడాల్సిన పనే. ముందు నీళ్లు వంపేస్తాం. ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ పట్టి ఒక్క ఊపున గోనెపట్టా మీద బోర్లిస్తారు. ఒక్క క్షణం ఏమీ కాదు. తర్వాత లోపల్నుంచి నిట్టూర్చినట్టు ఓ చప్పుడొచ్చి, మట్టి అంతా తొట్టి ఆకారంలోనే దిగుతుంది, పళ్లెంలో హల్వా దించినట్టు. ఇక అక్కణ్ణుంచి పారలూ చాకులూ పక్కన పెట్టెయ్యాలి. వేళ్లతోనే తడుముకోవాలి. దుంప కొసన చిలక ముక్కంత మొలక ఉంటుంది. అది విరిగిందా, ఆ దుంప కూరకే పనికొస్తుంది.

వేసవంతా పైన ఆకులూ పూలూ చూసి మురిసిపోతాం. అడుగున అది ఏం చేసిందో ఆ రోజే తెలిసేది. నిరుడు జానెడు దుంప ఒక్కటి పెట్టాను. ఈ ఏడు తొట్టి గోడ వెంబడే చుట్టలు చుట్టుకుంటూ, పసుప్పచ్చని తాడులా, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా ఉంది. అందుకే తామరకి గుండ్రటి తొట్టి వాడతాం. నేవీ కుర్రాడు మొదటిసారి అందంగా ఉందని నలుచదరం టబ్బు కొన్నాడు. తీగ వెళ్లి మూలలో ఇరుక్కుంది, కొస నలిగి కుళ్లింది. "గుండ్రటి దాంట్లో అయితే దానికి దారి అయిపోదు బాబూ" అన్నారు మాస్టారు. జామెట్రీ బాక్సు చేతిలో లేకపోయినా మాస్టారు మాస్టారే.

తిరిగి ప్రతి తొట్టిలో ఒక్క దుంపే పెట్టాలి. మిగతావి ఉంచుకుంటే మట్టి చాలదు, తొట్టి ఆకులతో కిక్కిరిసిపోతుంది, పువ్వు మాత్రం రాదు. కాబట్టి పంచెయ్యాల్సిందే. కొత్తవాళ్లు దండం పెట్టి తీసుకుంటుంటే మాకు లోపల సిగ్గేస్తుంది. దానం కాదమ్మా, ఇంట్లో చోటు లేక. బయటికి తీసిన దుంప అరగంట ఎండలో ఉంటే వడిలిపోతుంది గనక తడి గోనె కింద దాస్తాం. నీళ్లు దాటిన కమలాన్ని దాని నేస్తం సూర్యుడే మాడ్చేస్తాడన్న సుమతీ శతకం పద్యం నేను బళ్లో వల్లె వేసిందే. దాని అర్థం మేడ మీద నిలబడ్డ ఈ వయసులో తెలిసింది.

మట్టి సంగతి చెప్పకపోతే మా వాళ్లు ఊరుకోరు. నర్సరీలో అమ్మే కొబ్బరిపొట్టు మిశ్రమం నీళ్లు పొయ్యగానే పైకి తేలిపోతుంది. చెరువు మట్టి కావాలి, అడుగున మాగిన గెత్తం కావాలి. మాగిన అన్న మాట నొక్కి చెబుతున్నాను. మొదటి ఏడు నేను తొందరపడి పచ్చిపేడ వేశాను. మూడోరోజుకి నీళ్లు టీ డికాషన్ రంగుకి తిరిగి, అడుగునుంచి బుడగలు లేవడం మొదలైంది. కింద వాటావాళ్లు సెప్టిక్ ట్యాంకు మనిషికి ఫోన్ చేశారు. దుంప కరిగిపోయింది. నా పరువు కూడా.

కలువ ఇంత కష్టపెట్టదు. కొన్ని రకాలకి ఆకు మధ్యలో, కాడ కలిసేచోట, బొడిపెలా లేచి ఓ పిల్ల మొక్క పుడుతుంది. ఆకు వడిలి మునిగేసరికి పిల్లకి వేళ్లొచ్చేస్తాయి. ఆ ఆకుని తడి పేపర్లో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి శ్రీకాకుళం బస్సులో పంపితే సాయంత్రానికి ఇంకొకరి గోలెంలో తేలుతూ ఉంటుంది. కలువ వెన్నెలకే విచ్చుకుంటుందని కవులు మనకి నేర్పారు గానీ అది రాత్రి పూసే ఎర్రకలువలాంటి వాటికి సరిపోయే మాట. మా నీలికలువలు పొద్దెక్కాక శుభ్రంగా ఎండలో పూసి, సాయంత్రానికి తలుపులేసేసుకుంటాయి. ఇంకో దిగులు కూడా ఉంది మాకు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పుష్పం ఒకప్పుడు కలువే. 2018లో ఆ హోదా మల్లెకిచ్చారు. మల్లె మీద కోపం లేదు. కానీ టిఫిన్ బండి అతను ఇప్పటికీ మల్లెపూలు అమ్మే మామ్మని "రాష్ట్రం మీదే కదేటమ్మా" అని దెప్పుతుంటాడు.

మేడ మీద ఇన్ని నీళ్లంటే దోమల మాట రాకుండా ఉండదు. ఓ శుక్రవారం మలేరియా సిబ్బందిలో ఒకావిడ గేటు దగ్గర నిలబడింది. "అమ్మా, మీ మేడ మీద నీళ్లు నిలవ ఉన్నాయేటండి?" ఎవరు చెప్పారో నాకు తెలుసు, కింద వాటావాళ్లే. పైకి తీసుకెళ్లాను. ఇరవై రెండు తొట్లు చూసి ఆవిడ మొహం మాడిపోయింది. గరిటె తీసి మొదటి తొట్టిలో ముంచింది. తెల్లటి గిన్నెలో పోసి చూసింది. దోమ పిల్లలు లేవు, రెండు గప్పీ చేపలు మాత్రం కంగారుగా తిరుగుతున్నాయి. రెండో తొట్టీ అంతే. ఇరవై రెండూ చూసింది, ఒక్కటీ వదల్లేదు. ఇరవయ్యో తొట్టి దగ్గర, గుట్టుగా మూల ఉన్న ఖాళీ పెయింటు డబ్బాలో, వాన నీళ్లలో, గిలగిలా ఆడుతూ దొరికాయి. చేపలున్న తొట్టి భద్రం, మనం మర్చిపోయిన మూతే ప్రమాదం. ఆవిడ డబ్బా బోర్లించి, నన్నో చూపు చూసి, వెళ్తూ వెళ్తూ "ఆ ఊదారంగుది పిల్ల ఉంటే ఇస్తారేటండి?" అంది.

ఇప్పుడు నా నేరం.

ఐదేళ్ల కిందట అందరం కలిసి కడియం వెళ్లాం. రాజమండ్రి పక్కన కడియపులంక, కాలవ గట్టు పొడుగునా నర్సరీలే. వాళ్లంతా కలువ రకాల కోసం బేరాలాడుతుంటే నేను కాలవ చూస్తున్నాను. కాలవ నిండా లేత ఊదా పూలగుత్తులు. పై రేకు మీద నెమలికన్ను దిద్దినట్టు పసుపు మచ్చ. కాడ బుడగలా ఉబ్బి ఉంటుంది, వేళ్లతో నొక్కితే టప్‌మని పేలుతుంది. వేళ్లు నల్లటి జుట్టులా వేలాడుతుంటాయి. గుర్రపు డెక్క అని నాకు తెలుసు. తెలిసే రెండు మొక్కలు కవర్లో వేసుకున్నాను. తొట్టిలో ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాను. అందమైన వాటి విషయంలో మనిషి తనకి తాను చెప్పుకునే మాట ఎప్పుడూ ఇదే.

పది పదిహేను రోజుల్లో రెండు నాలుగయ్యాయి. ఆపైన లెక్క మాస్టారికి వదిలేశాను. మా బ్యాచ్ అలవాటు ప్రకారం ఎక్కువైంది పంచాను. వేసవి దాటేసరికి ఎనిమిది మేడల మీద నా గుర్రపు డెక్క పూసింది. ఫోటోలు గ్రూపులో వచ్చాయి, చప్పట్ల బొమ్మలు వచ్చాయి. తీసుకునేవాళ్లు అయిపోయాక ఏం చెయ్యాలి? ఓ బకెట్టుడు తీసుకెళ్లి కాలనీ కింద గెడ్డలో పోసొచ్చాను. చీకటి పడ్డాక వెళ్లానంటే, తప్పని అప్పుడే తెలుసన్నమాట. ఆ గెడ్డ వానాకాలంలో చిన్న చెరువులోకి దిగుతుంది.

దక్షిణ అమెరికాలో అమెజాన్ ప్రాంతంలో పుట్టిన మొక్క ఇది. పూవు బాగుందనే ప్రపంచమంతా పట్టుకెళ్లారు. బెంగాల్లో పడవలు కదలక, వరి చేలు మునిగి, 1936లో దీని మీద ప్రత్యేకంగా చట్టమే చేశారు. ఆ చరిత్ర చదివినప్పుడల్లా నాకు మోనే గుర్తొస్తాడు, ఫ్రాన్సులో కలువల బొమ్మలు దాదాపు 250 వేసిన చిత్రకారుడు. 1893లో ఆయన గివెర్నీలో కొలను కోసం పక్క ఏటిపాయ నీళ్లు మళ్లించుకుంటానంటే ఊళ్లో రైతులు అడ్డం తిరిగారు. ఈయన తెచ్చే విదేశీ మొక్కలు నీటిని పాడుచేస్తాయి, మా పశువులు తాగే నీళ్లవి అని. మోనే కొలను వల్ల ఏ పశువూ చావలేదు, నిజమే. ఒకప్పుడు ఆ రైతుల అమాయకత్వానికి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రాదు.

మరుసటేడు చెరువు సగం కప్పుకుపోయింది. గ్రూపులో ఎవరో ఫోటో పెట్టి "ఎవరి పుణ్యం ఇది?" అన్నారు. రెండు రోజులు నోరు విప్పలేదు నేను. మూడోరోజు నాదేనని రాశాను. చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. రాత్రి పదింటికి టిఫిన్ బండి అతను రాశాడు: "ఆదివారం దోటీలు తెచ్చుకోండి. ఉప్మా నాది."

అలా మొదలైంది మా బ్యాచ్‌కి ప్రాజెక్టు అనదగ్గ ఒకే ఒక్క పని. పదకొండు ఆదివారాలు. గట్టు మీద నుంచి దోటీలతో లాగేవాళ్లు కొందరు, లారీ ట్యూబు మీద తేలుతూ తాడు కట్టి ఒడ్డుకి నెట్టే నేవీ కుర్రాడు ఒకడు. గజం లాగితే బారెడు వస్తుంది, ఒకదానికొకటి చేతులు కలుపుకుని. మొక్కలో తొంభై పాళ్లకి పైగా నీరే గనక ఒడ్డుకి చేర్చేసరికి నడుం విరుగుతుంది. అదే ఎండలో వారం పడుంటే కొండంత కుప్ప గంపెడైపోతుంది. డాక్టరమ్మ ఉత్త చేతులతో లాగుతుంటే గ్లవ్స్ ఏవమ్మా అన్నాను. "రోజూ అవేగా" అంది. అప్పటికీ గెలిచామని చెప్పను. పైన తేలేది తియ్యగలం. గింజలు బురదలోకి దిగిపోతాయి, పదిహేను ఇరవై ఏళ్లు ఆగి కూడా మొలుస్తాయి.

తామర గింజ ముందు అదెంతలే. చైనాలో పాత చెరువు అడుగున దొరికిన, దాదాపు 1,300 ఏళ్ల నాటి తామర గింజ అమెరికాలో మొలిచిందని 1995లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. డాక్టరమ్మ గారబ్బాయికి ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మా మెట్ల మీద గింజలు గీకడమే వాడి పని. నల్లరాయిలాంటి గింజ, ఊరికే నీళ్లలో వేస్తే ఏళ్లు కదలదు. గరుకు సిమెంటు మీద లోపలి తెలుపు కనబడేదాకా అరగదీస్తే, నాలుగైదు రోజుల్లో గ్లాసులో పచ్చటి కొక్కెం లేస్తుంది. మా మెట్ల అంచులు అందుకే నున్నగా అరిగాయి.

ప్రతి కార్తీకంలో మా వనభోజనాలు కొండకర్ల ఆవ సరస్సులో. రెండు తాటి మొద్దులు తొలిచి జంటగా కట్టిన దోనెల్లో తీసుకెళ్తారు. నిరుడు మధ్యకెళ్లేసరికి చుట్టూ తామరాకులు, మా వాళ్లంతా ఆహా ఓహో. చేతికందిన ఆకు మీద నీళ్లు చిలకరించి, పాదరసంలా దొర్లే బొట్లని చూస్తూ మాస్టారు చిన్నపిల్లాడైపోయారు. దోనె నడిపే అతను గెడ మీద బరువంతా వేసి నెడుతున్నాడు, దోనె కదలదు.

"సూడ్డానికి బాగుంటాదమ్మా" అన్నాడు చెమట తుడుచుకుని. "దోనె నడవాలి గదేటి?"

మొన్న సంక్రాంతి వెళ్లిన ఆదివారం బ్యాచ్‌లోకి కొత్తగా ఓ అమ్మాయి వచ్చింది, ఇంజినీరింగ్ చదువుతోంది. మూడో తొట్టి తిరగేశాం. మట్టిలో చెయ్యిపెట్టి దుంపలు తడుముతున్న పిల్ల ఆగిపోయింది. తొట్టి అంచున, తామరాకు మాటున, వేలెడంత మొక్క. గుండ్రటి రెండాకులు, ఉబ్బిన చిట్టి కాడలు. ఎప్పటి గింజో, ఏ మట్టిలో వచ్చిందో.

"భలే క్యూట్‌గా ఉందాంటీ! దీని పేరేంటి? నాకిస్తారా?"

మాస్టారు గమేళా దించి నావైపు చూశారు. టిఫిన్ బండి అతనూ చూశాడు. నేను చెయ్యి చాచి మొక్క పుచ్చుకుని, బొటనవేలితో కాడని నొక్కాను. టప్‌మంది.