ఎందుకని ఇంకోసారి అడగలేదు

పోయిన నెల మా ప్రాజెక్టులో కస్టమర్ టేబుల్‌కి మతం అని ఓ కాలమ్ కలపమన్నారు. ఎందుకండీ అంటే "ఉంటే మంచిదేగా" అన్నారు. కలిపేశాను.

అప్పట్నుంచీ జర్మనీ సంగతే బుర్రలో తిరుగుతోంది. 1983లో అక్కడి ప్రభుత్వం జనాభా లెక్కలకి సిద్ధమైతే, మామూలు మనుషులు కార్ల్స్‌రూహేలోని రాజ్యాంగ న్యాయస్థానానికి ఫిర్యాదులు పంపారు. (ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. నెగ్గేవి మాత్రం నూటికి రెండో మూడో!) ఏప్రిల్‌లో లెక్కలు ఆగాయి. నా వివరాలు ఎవరికి, ఎంతవరకు ఇవ్వాలో తేల్చుకునే హక్కు మొదట నాదేనని డిసెంబరు 15న తీర్పొచ్చింది. లెక్కలు జరిగింది 1987లో.

మనకీ 32వ అధికరణం ఉందండోయ్. 2012లో పుట్టస్వామి గారు పిటిషన్ వేసేనాటికి ఆయనకి ఎనభై దాటాయి. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది.

మేనేజర్‌కి రాసిన మెయిల్ మూడ్రోజులుగా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది.