తాత నాలుక, సార్ మీటరు

మా ఊరు చెట్టికరై, ధర్మపురి జిల్లా. మాకు కొంచెం చెరకు తోట ఉంది. ఆ చెరకును బెల్లం వండేవాళ్ళకు అమ్ముతాము. చెరకు పండిందా లేదా అని మా తాత నమిలి చెప్తాడు. గడ మొదలు, నడుమ, కొన మూడూ నమిలి చూస్తాడు. చిన్నప్పుడు అది చూసి, తాతకు చెరకు మీద ఎంత ఆశో అనుకొని నవ్వేదాన్ని.

ఈసారి పొంగలికి ముందు తాతకు జ్వరం వచ్చింది. నోరంతా చేదు. ఏది నమిలినా రుచి తెలియలేదు. "పండగకు బెల్లం ధర బాగుంటుంది, అక్క కాలేజీ ఫీజు కట్టాల, కోసేద్దాం" అన్నాడు నాయన. "తొందరపడొద్దు" అన్నాడు తాత. కానీ ఎందుకో చెప్పలేకపోయాడు.

నేను మా సైన్సు సార్‌ను అడిగి స్కూల్లోని బ్రిక్స్ మీటరు తెచ్చాను. రసంలో చక్కెర ఎంత ఎక్కువుంటే వెలుతురు అంత ఎక్కువ వంగుతుంది. ఆ వంపును మీటరు అంకెగా చూపిస్తుంది. 100 గ్రాముల చక్కెర నీళ్ళలో 1 గ్రాము చక్కెర ఉంటే 1 డిగ్రీ బ్రిక్స్. అడాల్ఫ్ బ్రిక్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరే దానికి పెట్టారు. ముందు మంచినీళ్ళ చుక్క వేసి సున్నా చూసుకొన్నాను. తరువాత గడ మొదట్లో రసం పిండి చూశాను. 20! నాయన సంతోషంగా కోత కూలీలకు చెప్పి వచ్చాడు.

మరునాడు సార్ ఒకే మాట అడిగారు. "కొన చూశావా?"

నాకు గుండె జారిపోయింది. సాయంత్రం పరుగెత్తి చూస్తే కొనలో 14 మాత్రమే ఉంది. ఆకులు చేసిన చక్కెర ముందు మొదట్లో నిండుతుంది, కొన చివర్లో పండుతుంది. రెండు అంకెలూ దగ్గరపడితేనే చెరకు పండినట్టు. పండని కొనలో గ్లూకోజు, ఫ్రక్టోజు ఎక్కువ. ఆ రసంతో వండిన బెల్లం గట్టిపడదు, తొందరగా చెమరుస్తుంది. తాత మూడు చోట్ల నమిలేది ఇందుకే! ఇన్నేళ్ళు చూసి కూడా నాకు అర్థం కాలేదు.

తప్పు నాదేనని నాయనకు చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. నాయన తిట్టలేదు. కోత ఆపించి, నీళ్ళు కట్టడం నిలిపేశాడు. అమ్మ కమ్మలు కుదువ పెట్టి అక్క ఫీజు కట్టాము.

మూడు వారాలకు మొదట్లో 20, కొనలో 18 వచ్చింది. అంతలో తాత నోరు బాగైంది. తాత మూడు చోట్లా నమిలి "ఇప్పుడు కోయండి" అన్నాడు. కోసిన చెరకు నిలవుంటే చక్కెర తగ్గిపోతుంది. వాడి నీరు ఇంకిపోతే మీటరు మాత్రం ఎక్కువే చూపిస్తుంది! అందుకే ఆ రోజే గానుగాడించాము.

పండగ ధర మాకు దొరకలేదు. కానీ బెల్లం గట్టిగా, మంచి రంగులో వచ్చింది. అమ్మ కమ్మలు తిరిగొచ్చాయి.

కోయంబత్తూరులో 1912 నుంచి చెరకు పరిశోధన సంస్థ ఉంది. మా తోటలోని కో 86032 రకం అక్కడిదే. పెద్దయ్యాక అక్కడ చదవాలని నా ఆశ. పోయేటప్పుడు తాత దగ్గర నమలడం కూడా నేర్చుకొనే పోతాను.