కల్యాణదుర్గపు దారిలో కడవెడు నీరు

మొన్న వైశాఖమాసమున మేము కల్యాణదుర్గమునుండి రాయదుర్గమునకు కారులో బయలుదేరితిమి. అనంతపురపు మెట్ట నెఱుగనివారికి ఆ దారి వింతగా దోచును. ఎఱ్ఱనేల, నల్లని బండగుట్టలు, వానకై యెదురుచూచు వేరుసెనగ చేలు. పడమటి కనుమలు నైరృతి మేఘముల నడ్డగించును. తూర్పు సముద్రపు వానలు ఇంతదూరము వచ్చునప్పటికి చిక్కిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే ఇచటి భాగ్యము. గాలికి మాత్రము కొదువలేదు. గుట్టలపై తెల్లని గాలిమరలు బారులు తీరి తిరుగుచుండును.

దారి సగమైనంతనే కారు ముందుభాగమునుండి ఆవిరి చిమ్మెను. డ్రైవరు బండి నాపి, రేడియేటరు మూత ముట్టవలదని మమ్ము వారించెను. కాగియున్నపుడు మూత తీసిన సలసల మరుగు నీరు మొగముపైకి లేచును. వేడి యింజనులో చన్నీరు పోసిన లోహము పగులవచ్చును. కావున చింతచెట్టు నీడను అరగంట కూర్చుంటిమి. గొట్టమొకటి నెఱ్ఱెవిచ్చి నీరెల్ల కారిపోయినది. డ్రైవరు దానిని రబ్బరుతో బిగించి కట్టెను గాని, పోయుటకు నీరేదీ? సీసాలలోనిది పిల్లలు అప్పటికే త్రాగివేసిరి.

మా మఱది విమానయంత్రముల చదువు చదివినవాడు. "వదినా, ఈ నీటిపీడ వదల్చుకొనుటకే ఇంగ్లండులో ఒక విమానపు గుండెనే మార్చిరి" అని కథ నెత్తుకొనెను.

రెండు మహాయుద్ధముల నడుమ బ్రిటిషు నౌకాదళమునకై టార్పెడో విమానములు చేసిరట. టార్పెడో యనగా నీటిలో దూసుకొనిపోయి ఓడను పగులగొట్టు ఆయుధము. బరువు 700 కిలోలకు పైమాటే. 1926లో ఎగిరిన బ్లాక్‌బర్న్ రిపన్ నమూనాకు నేపియర్ లయన్ అను, నీటితో చల్లబడు ఇంజను. నీరు, గొట్టములు, రేడియేటరు, ఇవన్నియు బరువుపై బరువు. గొట్టము కారెనా, సముద్రముపై చింతచెట్టు నీడ దొరకదు గదా! 1932లో ఆ సంస్థయే రిపన్ దేహమునకు గాలితో చల్లబడు ఇంజనులు తొడిగి రెండు నమూనాలు చేసెను. ఒకదానికి టైగర్, రెండవదానికి పెగాసస్. పెగాససే నెగ్గినది. ఆ విమానమే బాఫిన్. పాత రిపన్‌లను పెక్కింటిని అట్లే మార్చిరి. ఈ యింజనులో సిలిండర్లు బండిచక్రపు ఆకులవలె చుట్టును నిలుచును. ఒక్కొక్కదానికి పలుచని లోహపు రెక్కలు. ఎదురుగాలి వానిని ఒరసికొనిపోవుచు వేడిని కొనిపోవును. అయితే ఆ వెడల్పు మొగము గాలికి అడ్డే. అందుకే 1934 నాటి స్వోర్డ్‌ఫిష్ నమూనాలో పెగాసస్ చుట్టును కడియమువంటి రేకు నమర్చిరి.

కొందఱు నీటిని విడువలేదు. తడిగుడ్డ చుట్టిన కుండలో నీరు చల్లబడుట మన మెఱుగుదుము. ఆవిరియగు నీరు వేడిని మిక్కిలిగా కొనిపోవును. గ్లాస్టర్ వారి టి.ఎస్.ఆర్. 38 లోని గాస్‌హాక్ ఇంజనుకు ఆ కిటుకే ఆధారము. ఆవిరిని పట్టి మరల నీరు చేయవలెను గదా, అచటనే చిక్కు. ఆ విమానము ఒక్క నమూనాతోనే ఆగిపోయినది.

కథ ముగియకమునుపే ఒక యిల్లాలు కడవ నెత్తిన బెట్టుకొని వచ్చెను. సంగతి చెప్పితిమి.

"తాగే నీళ్లు గదక్కా, బండికి పోస్తారా?" అని ఆమె ఒక క్షణము నిలిచెను. మాకు నోట మాట రాలేదు. పిల్లల మొగములు చూచి కడవ దించెను. "పోసుకోండి. ఎండలో బిడ్డలతో యాడుంటారు?"

సగము చాలునంటిమి, డ్రైవరు మూడుపాళ్లు పోసెను. డబ్బియ్యబోగా ఆమె చేయి చాపలేదు. ఆమె మరల వెనుకకు, మైలుదూరమున నున్న బోరుకడకు నడచిపోయెను.

మఱునాడు తిరుగుప్రయాణమున రాయదుర్గములో నాలుగు డబ్బాల నీరు నింపుకొని వచ్చి, రెండు ఆమె యింటిముందు దింపితిమి. ఆమె కారువంక చూచి పకాలున నవ్వెను.

"మళ్లా కాగిందాక్కా బండి?"