ఉద్దెరతో వచ్చిన మాటలు

రండి, చాయ్ పెట్టించాను. ఈ చలికాలంలో పొద్దు గూకిందంటే చాలు, తుంగభద్ర వైపు నుంచి మా వడ్డేపల్లి మీదికి ఒక గాలి వస్తుంది, చెవులు పట్టుకుంటుంది. కుంపటి దగ్గరకు జరగండి. ఇవాళ దుకాణాల గురించి, దుకాణాల్లో పెరిగే భాష గురించి మాట్లాడుకుందాం.

భాష తెలియని ఊరికి ఒక మనిషి వచ్చి దుకాణం పెట్టాడనుకోండి. ఆ ఊరి మాటల్లో మొదట ఏం నేర్చుకుంటాడు? అంకెలు అంటారు మీరు. నిజమే. అయితే అంకెలతో బేరం నడుస్తుంది గానీ దుకాణం నడవదు. ఆ మాటకొస్తే బేరానికి నోరు కూడా అక్కర్లేదు. పశువుల సంతలో చూడండి. దలారులు చేతుల మీద తువ్వాలు కప్పుకుని దాని కింద వేళ్ళు పట్టుకుంటారు. ఎద్దుల జత ధర అట్లనే తెగిపోతుంది, పక్కనున్నవాని చెవిన పడదు. నగదుకు వేళ్ళు చాలు. ఉద్దెరకు మాత్రం భాష కావాలి.

ఎందుకంటారా? పెద్దమ్మ ఒకామె వచ్చి, "సేటూ, రెండు కిలోల చక్కెర, ఒక మంచినూనె ప్యాకెట్ రాసుకో. సీడు పత్తి పైసలు రాంగనే కడ్త" అన్నదనుకోండి. ఆ రెండు ముక్కలు అర్థం కావాలంటే సేటుకు ఎంత తెలియాలి! ఆమె ఎవరింటి మనిషో తెలియాలి. సీడు పత్తి అంటే విత్తనం కోసం వేసే పత్తి అని, పువ్వులకు చేసే క్రాసింగ్ పని ఎన్నాళ్ళు పడుతుందో, కంపెనీ తరఫు ఆర్గనైజరు పైసలు ఎప్పుడు చేతికిస్తాడో తెలియాలి. 87,500 ఎకరాలకని లెక్కగట్టి తవ్విన రాజోలిబండ (ఆర్డీఎస్) కాలువలో ఈ ఏడు నీళ్ళు చివరిదాకా వచ్చాయో లేదో తెలియాలి. ఆ ఇంట్లో పెళ్ళి ఉన్నదా, ఎవరైనా దవాఖానాలో పడ్డారా అన్నదీ తెలియాలి. ఇన్ని సంగతులు పుస్తకం పెట్టుకుని నేర్చుకునేవి కావు. గల్లా పెట్టె వెనుక కూర్చుని, వచ్చిన ప్రతి మనిషితో నాలుగు మాటలు పెట్టుకుంటేనే వస్తాయి. భాష నేర్పే పంతులు ఆ దుకాణానికి వచ్చే గిరాకీయే. నాకు ఇది చాలా గొప్ప సంగతిగా తోస్తుంది.

మా నడిగడ్డలో కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఏ బజారుకు వెళ్ళినా మార్వాడీ దుకాణం ఒకటి కనిపిస్తుంది. బంగారమో, బట్టలో, పైపులో, స్వీట్లో. జోధ్‌పూర్ చుట్టుపక్కల మార్వాడ్ నుంచి వచ్చిన కుటుంబాలు. వాళ్ళ తెలుగును నేను చెవి పెట్టి విన్నాను. ఒక చిత్రం చెప్తాను. హిందీ సీమ నుంచి వచ్చినవాని నోట మన 'నీళ్ళు' నీల్లు అవుతాయి, 'పళ్ళు' పల్లు అవుతాయి. మార్వాడీ వానికి ఆ బాధ లేదు. వాళ్ళ మాటలో మన 'ళ' ఉన్నది. అంత దూరపు ఎడారి మనిషి నీళ్ళను నీళ్ళుగానే పలుకుతాడు!

ఇంకొకటి. హిందీలో లాగే వాళ్ళ భాషలో ప్రాణం లేని వస్తువుకు కూడా ఆడ మగ ఉంటుంది. కుర్చీ ఆడది, తలుపు మగది అన్నట్టు బట్టీ పట్టాలి. మనవాళ్ళు హిందీ మాట్లాడబోయి బోల్తా పడేది అక్కడే. తెలుగులో ఆ తిప్పలు లేవు. బండి వచ్చింది, అక్క వచ్చింది, వాన వచ్చింది, అన్నిటికీ ఒకటే తోక. అందుకే కొత్తగా వచ్చిన సేటు ఆ తోక దొరకగానే అన్నిటికీ తగిలిస్తాడు. "నేను ఇస్తది అక్కా, అన్న చెప్పింది అక్కా" అంటాడు. పిల్లలు నవ్వుతారు, సేటూ నవ్వుతాడు. ఆరు నెలలు తిరిగేసరికి "ఇస్త అక్కా" దాకా వస్తాడు. ఆ 'అక్కా' మాత్రం మొదటి రోజు నుంచీ తప్పు లేకుండా వస్తుంది. అన్నా, వదినా, పెద్దమ్మా, కాకా: వరస కలపడం రాకుండా మా వైపు ఉద్దెర ఇచ్చినవాడూ లేడు, తిరిగి రాబట్టుకున్నవాడూ లేడు.

వ్యాపారులు భాషను దాచుకున్న రోజులూ ఉన్నాయి. మన కోమట్లకు గిరాకీ ముందర తమలో తాము మాట్లాడుకునే గుట్టు మాటలు, గుట్టు అంకెలు ఉండేవని 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో ఉన్నది. మార్వాడీల పాత ఖాతాలు మహాజనీ లిపిలో ఉండేవి. గుణింతాలు లేని లిపి, బయటివాళ్ళకు కొరుకుడు పడదు. లెక్కను దాచవచ్చు. గిరాకీతో మాటను దాచితే ఎట్లా నడుస్తుంది?

ఇక్కడ సముద్రాలు దాటి ఒక్కసారి మెక్సికో వెళ్ళొద్దాం. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో లెబనాన్, సిరియా, పాలస్తీనాల నుంచి అరబ్బీ మాట్లాడే జనం వేలకు వేలుగా లాటిన్ అమెరికా దేశాలకు వెళ్ళారు. అప్పటికి ఆ సీమలన్నీ తురుష్క సామ్రాజ్యంలో ఉండేవి. చేతిలో ఆ సామ్రాజ్యపు కాగితాలు ఉన్నందుకు అక్కడి జనం వాళ్ళను 'తుర్కోలు' అన్నారు. స్పానిష్ ముక్క రాదు. భుజాన మూట వేసుకుని సూదులు, దారాలు, గుడ్డలు ఇంటింటికీ తిరిగి అమ్మారు. ఎట్లా అమ్మారు? ఉద్దెరకు! ఇవాళ గుడ్డ, వారం వారం ఇంత చొప్పున కిస్తులు. మెక్సికోలో వాళ్ళకు 'అబోనెరో' అన్న పేరే పడింది, కిస్తుల మీద అమ్మేవాడని. వారం వారం అదే గుమ్మం ముందు నిలబడి పైసలు అడగాలంటే ఆ ఇంటి క్షేమం అడగకుండా కుదురుతుందా? స్పానిష్ అట్లా వచ్చింది వాళ్ళకు. లెబనాన్ కొండల్లోని జెజ్జీన్ నుంచి 14 ఏళ్ళ పిల్లవాడు ఒకడు 1902లో మెక్సికో చేరాడు. 1911లో మెక్సికో నగరంలో 'లా ఎస్ట్రెయా డెల్ ఓరియెంతె', అంటే తూర్పు నక్షత్రం అన్న పేరుతో దుకాణం పెట్టాడు. పేరు హూలియాన్ స్లిమ్. ప్రపంచ కుబేరుల పట్టికలో మొదటి వరుసకు ఎక్కిన కార్లోస్ స్లిమ్ ఆయన కొడుకే.

ఈ కథలో నన్ను కదిలించేది డబ్బు సంగతి అనుకోకండి. ఆ వలస జనం నేర్చుకోబోయిన స్పానిష్‌లో వాళ్ళ తాతల మాటలు ముందే కూర్చుని ఉన్నాయి! 711లో అరబ్బులు స్పెయిన్‌లో దిగారు. 1492లో గ్రనడా చేజారేదాకా అక్కడ ఏదో ఒక మూల వాళ్ళ ఏలుబడి ఉన్నది. అన్ని వందల ఏళ్ళలో వేల మాటలు స్పానిష్‌లోకి దిగాయి. నూనె 'అసెయితె' అరబ్బీదే. సుంకం కచేరీ 'అదువానా' అరబ్బీ దీవాన్ నుంచే. ఆగండి, ఈ దీవాన్ మనకు కొత్తదా? గద్వాల సంస్థానంలో దివాణం అన్న మాట వినని ముసలివాళ్ళు ఉన్నారా? పారసీక దేశంలో పుట్టిన ఆ ఒక్క మాట పడమటికి పోయి స్పెయిన్ రేవుల్లో సుంకం వసూలు చేసింది, తూర్పుకు వచ్చి మా ఊళ్ళలో శిస్తు వసూలు చేసింది. నారింజను వాళ్ళు 'నరాన్హ' అంటారు. ఆ పండు పేరు మన దేశంలో పుట్టి, సంస్కృతం, పారసీ, అరబ్బీల చేతులు మారుతూ అక్కడిదాకా వెళ్ళింది. దాని మూలం ద్రావిడ భాషల్లో ఉందని చెప్పే పండితులూ ఉన్నారు. చక్కెరదీ అదే దారి.

ఇచ్చినవాడు ఏదో ఒకటి తెచ్చుకుంటాడు కూడా. అర్జెంటీనా వెళ్ళి తిరిగొచ్చిన సిరియా జనం అక్కడి 'మాతె' ఆకు కషాయం వెంట తెచ్చుకున్నారు. ఇవాళ సిరియా పల్లెల్లో చాయ్‌కి సాటిగా అది తాగుతారు.

సరే, మన గడపకు వద్దాం. వడ్డేపల్లి నేల 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేదన్న సంగతి ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు రాయచూరు జిల్లా మైసూరుకు పోయింది, అలంపూర్, గద్వాల తాలూకాలు మాత్రం ఇటు ఉండిపోయాయి. ఇంట్లో తెలుగు, రాయచూరు బజారులో కన్నడం, కచేరీలో ఉర్దూ. మూడు భాషలతో ఒక మనిషి పొద్దు గడిచేది. ఆ కచేరీలో మొదట పారసీ నడిచింది, 19వ శతాబ్దం చివరి నుంచి ఉర్దూ నడిచింది. ఆ రెండింటి వెంట అరబ్బీ మాటలు మన నోళ్ళలోకి వచ్చాయి.

ఎన్ని వచ్చాయో ఉద్దెర పుస్తకం తెరిస్తే తెలుస్తుంది. దుకాణం అరబ్బీ. బాకీ, వసూలు, జమ, నగదు, కిస్తు అన్నీ అరబ్బీ. అప్పులో అసలు అరబ్బీ, దాని మీది వడ్డీ మాత్రం సంస్కృతపు వృద్ధి ప్రాకృతంలో నలిగి వచ్చింది. ఖర్చు, ఖరీదు పారసీ. 'ఉద్దెర'కు అక్క హిందీ వాళ్ళ 'ఉధార్'.

వచ్చిన మాటలను తెలుగు ఊరికే నిలబెట్టలేదు, పనికి పెట్టింది. ఉర్దూ వాళ్ళ 'ఫిరానా'కు మన 'ఇంచు' కలిపి ఫిరాయించు అన్నది. దబాయించు, బనాయించు, చలాయించు, కమాయించు అట్లా పుట్టినవే. పార్టీ ఫిరాయింపు అని అసెంబ్లీలో అరిచే నాయకునికి ఆ మాట బయటిదని తోచనే తోచదు. ఉర్దూ మాత్రం తక్కువ తిన్నదా? మన దక్కనీ ఉర్దూ వినండి. "ఆతూం బోల్కె బోలా" అంటారు. ఉత్తరాది ఉర్దూ వాడు అట్లా అనడు. "వస్తానని అన్నాడు" అన్న మన వాక్యం అచ్చంగా అందులో కూర్చున్నది. మన 'అని' వాళ్ళ 'బోల్కె' అయింది. మాట వాళ్ళదే, నడక మనది.

ఇట్లాంటి తెలుగును కలగాపులగమని ఈసడించిన కాలం ఉన్నది. తెలంగాణలో కవులే లేరన్నారు. మా అలంపూర్ వైపు ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి ఆ నోళ్ళు మూయించాడు. ఉర్దూ, పారసీ, సంస్కృతం చదివిన మనిషి తెలుగు కోసం నిలబడ్డాడు. నాలుగు భాషలు తెలిసినందువల్ల ఆయన తెలుగు పలచబడిందా? పడలేదు.

అరబ్బులే స్వయంగా మన నేలకు వచ్చారని కూడా చెప్పాలి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు సిపాయిలుగా వచ్చినవాళ్ళ వారసులు ఇవాళ్టికీ హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నారు.   ఇప్పుడు హద్రమౌత్ వంటకం మండీ పేరు హైవే పొడవునా తెలుగు బోర్డుల మీద కనిపిస్తుంది. రాయచూరు, కర్నూలు వెళ్ళి బియ్యం మండీ, మిర్చి మండీ తెలిసిన ముసలివాళ్ళు ఆ బోర్డు చూసి, లోపల కాంటాలు ఉంటాయనుకుంటారు.

పనికోసం మనవాళ్ళు గల్ఫ్ వెళ్ళినప్పుడు కథ తిరగబడుతుంది. అక్కడ నేర్చుకోవలసినవాళ్ళం మనం. చిల్లర కొట్టు 'బకాలా', ఉండడానికి ఇచ్చే కాగితం 'అకామా', యజమాని 'కఫీల్'. పోనీలే అనడానికి అరబ్బులు వాడే ఖల్లీవల్లీ మనవాళ్ళ నోట 'ఖల్లివెల్లి' అయి, కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసే మనిషికి పేరైంది. అంత కష్టం ఉన్నది ఆ మాటలో. తెలంగాణ పల్లెల్లో ఎన్నో ఇళ్ళకు దాని బరువు తెలుసు.

2025 ఆగస్టులో మార్వాడీలు వెళ్ళిపోవాలన్న నినాదం తెలంగాణలో లేచింది. ఆమనగల్లులో బంద్ పిలుపు కూడా ఇచ్చారు. చిన్న వ్యాపారుల బాధ ఉత్తదని నేను అనను. బజారులో పోటీ ఎట్లా ఉంటుందో అనుభవించేవానికే తెలుస్తుంది. దాని మీద వాదన సరుకులు, లెక్కలు, పనివాళ్ళ సంగతులతో జరగాలి. మనిషిని పొమ్మనడం దగ్గరికి వచ్చేసరికి నా మనసు ఒప్పదు. అదే నోటితో ఇంకొకటి కూడా చెప్తాను. ఇరవై ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే అమ్ముతూ, గిరాకీ వాళ్ళే హిందీలో మాట్లాడాలని కూర్చునే వాళ్ళూ ఉన్నారు. అది నాకు నచ్చదు. పెద్దమ్మ తన ఊళ్ళో తన భాషలో చక్కెర కొనుక్కోగలగాలి.

నన్ను ఎక్కువ దిగులు పెట్టేది వేరే ఉన్నది. ఇప్పుడు ప్రతి దుకాణంలో గల్లా పక్కన ఒక చిన్న డబ్బా. ఫోన్‌తో స్కాన్ చేయగానే ఇన్ని రూపాయలు వచ్చాయని చక్కటి తెలుగులో అరుస్తుంది. సేటు నోరు తెరవనక్కర్లేదు, పెద్దమ్మా తెరవనక్కర్లేదు. మాల్‌లో అయితే ధర అట్ట మీదే ఉంటుంది. నగదు మళ్ళీ వేళ్ళ మీదికే వచ్చింది. ఉద్దెర తగ్గుతున్నది, దానితోపాటు ఎవరింటి మనిషివన్న ఆరా తగ్గుతున్నది. అప్పు లేకపోవడం ఇంటికి మంచిదే, కాదనను. మాట లేకపోవడం ఎవరికి మంచిదో నాకు తోచడం లేదు.

అయినా నడిగడ్డ బజారులో ఇంకా నేర్చుకునేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఈమధ్య ఉత్తరాది నుంచి వచ్చిన పానీపూరీ బండ్ల పిల్లలను చూడండి. బడి వదిలే వేళకు బండి చుట్టూ పిల్లలు మూగుతారు. "కారం ఎక్కువ ఎయ్యన్నా", "ఉల్లిగడ్డ వద్దన్నా", "ఇంకోటి ఊరికె ఇయ్యన్నా". ఆ మూడో వాక్యం ఎంత తొందరగా అర్థం చేసుకుంటే అంత తొందరగా ఆ పిల్లవాడు ఈ ఊరివాడవుతాడు. మొన్న ఒకడు ఏడెనిమిదేళ్ళ పిల్లకు, "రేపు పైసల్ తీస్కొని రా, ఇప్పుడు తిను" అన్నాడు. ఉద్దెర మొదలైంది చూశారా! చాయ్ చల్లారిపోయినట్టుంది, ఇంకో గిలాసు పోయమంటాను.